మసకబారిన లైటే కావాలి

బీమా కంపెనీ కారుకి కొత్త హెడ్‌లైటు ఇస్తానంటే వద్దని, తుక్కు యార్డు నుంచి పాతది తెచ్చి బిగించమన్న మనిషిని కార్ల షెడ్డు మేస్త్రి తన ముప్పై ఏళ్ల పనిలో చూడలేదు. ఆ మాట అతను నాకు శనివారం మధ్యాహ్నం ఒకటీ నలభైకి చెప్పాడు. అప్పటికి నా చేతిలో ఉన్న టైము మూడు గంటల ఇరవై నిమిషాలు. సరిగ్గా అయిదింటికి పాల వ్యాను డ్రైవర్ని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆ తర్వాత అతను ఇంటి మొహం ఎప్పుడు చూస్తాడో ఎవరూ చెప్పలేరు.

జరిగింది చిన్నదే. మంగళవారం పొద్దున ఆరూ పదికి, లైబ్రరీ తలుపులు తీయడానికి సైకిల్ మీద వెళ్తున్న అటెండర్ని మలుపులో ఏదో బండి గుద్ది ఆగకుండా పోయింది. అదే టైముకి ఆ మలుపు దాటింది పాల వ్యాను. దాని హెడ్‌లైటు అద్దం పగిలి ఉంది. తొమ్మిదింటికల్లా ఇన్‌స్పెక్టరు డ్రైవర్ని స్టేషన్‌లో కూర్చోబెట్టాడు. కాగితాల మీద అరెస్టు మాత్రం శుక్రవారం రాత్రి చూపించాడు. అద్దం పగిలి ఆరు నెలలైందని డ్రైవరు మొత్తుకున్నా వినేవాడు లేడు.

డ్రైవరు అక్క నర్సు. స్పృహ లేని అటెండరు పడుకున్నది ఆమె డ్యూటీ చేసే వార్డు పక్క గదిలోనే. సెలైన్ మారుస్తూ, ఈ మనిషిని గుద్దింది నీ తమ్ముడే అనే మాటలు వింటూ ఆమె నాలుగు రోజులు పని చేసింది. వేరే వార్డుకి మార్పించుకోమని తోటివాళ్లంటే, "ఈయన లేస్తేనే గదా మా తమ్ముడు బయటికొచ్చేది. నాకంటే బాగా ఎవరు చూస్తారు?" అందట. రిటైరైన ఫిజిక్స్ మాస్టార్ని నేను; పోలీసులు వదిలేసిన చిక్కులు విప్పుతానని ఊళ్లో పేరుంది. బుధవారం నా దగ్గరికి వచ్చింది కూడా ఆమే. వస్తూ ఒక మాత్రల డబ్బా తెచ్చింది. అందులో దూది. దూదిలో గోరంత నల్ల ప్లాస్టిక్ ముక్క. అటెండరు చొక్కా కాలరు మడతలో దొరికిందట. కానిస్టేబుల్‌కి ఇవ్వబోతే, కేసు తేలిపోయిందమ్మా, ఇంకెందుకు అన్నాడట.

పాల వ్యాను లైట్లు పాతకాలపువి. గుండ్రటి అద్దం, వెనక ఇనుప డిప్ప. వాటిలో నల్ల ప్లాస్టిక్ అన్నదే లేదు. అలాంటి ముక్క ఉండేది ఈ కాలపు కార్ల హెడ్‌లైట్ల వెనకే.

అందుకని బుధవారం నుంచి శుక్రవారం దాకా కొత్త పార్టులు అమ్మే షాపులన్నీ తిరిగాను. మంగళవారం తర్వాత ఎడమ హెడ్‌లైటు ఎవరు కొన్నారని; రోడ్డు ఎడమ అంచున పోయే సైకిల్ని తగిలేది బండి ఎడమ పక్కే గదా. లాభం లేకపోయింది. శుక్రవారం రాత్రి పక్క మీద వాలాక గాని బుర్రకి తట్టలేదు. దెబ్బని దాచుకునే మనిషి కొత్తది ఎందుకు కొంటాడు? పాతబడిన కారుకి ఒకవైపు కొత్త లైటు పెడితే, కొత్త పన్ను కట్టించుకున్నవాడు నవ్వినట్టుంటుంది. శనివారం తుక్కు యార్డులు పట్టుకున్నాను. మూడో యార్డులో జవాబు దొరికింది. మంగళవారం పదకొండింటికి మేస్త్రి వచ్చి ఒక ఎడమ లైటు పట్టుకెళ్లాడట, ఉన్నవాటిలో బాగా పచ్చబారింది ఏరి మరీ.

అలా వచ్చాను ఈ షెడ్డుకి. పెద్దదేం కాదు. నాలుగు కార్లు పడతాయి. ముందు గదిలో ఒక బల్ల, దాని వెనక మేస్త్రి భార్య. నేను కూర్చోబోతుంటే మేస్త్రి భుజం మీది గుడ్డ తీసి కుర్చీ రెండుసార్లు తుడిచాడు. తుడిచాక అంతకుముందు లేని గ్రీజు మరక కొత్తగా ఒకటి పడింది. ఆ మంచితనానికి నా పంట్లాము నెల రోజులు గుర్తుంచుకుంటుంది.

"మంగళవారం ఎన్నింటికొచ్చాడా కారాయన?" అన్నాను.

"ఏడూ పదికండి. షట్టర్ సగం ఎత్తానో లేదో."

"దెబ్బ ఎలా తగిలిందన్నాడు?"

"గేటు స్తంభానికని."

"మీరు నమ్మారా?"

"నమ్మడం నా పనేంటి మాస్టారూ? విప్పడం, బిగించడం నా పని." చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "స్తంభానికి తగిలితే సిమెంటు పొడి అంటాలి, రంగు లేచిపోవాలి. ఇక్కడ లైటు పగిలింది, బంపరు చీలింది, బానెట్ మీద మాత్రం మెత్తటి సొట్ట. ఏ దూడకో తగిలించి చెప్పుకోలేకపోతున్నాడేమో అనుకున్నా."

"ఈ అనుకోవడాలు నాతో ఒక్కటీ అనలేదు ఈయన," అంది భార్య బల్ల వెనక నుంచి.

"నీతో అంటే ఊరంతటితో అన్నట్టేగా."

"అని ఉంటే మాస్టారు నాలుగు రోజులు చెప్పులరగదీసుకునేవారు కాదు."

ఆమె ఒక కాగితం తీసి నా ముందు పెట్టింది. షెడ్డుకి వచ్చిన ప్రతి కారుకీ ఆమె రాసే కాగితం అది. ఎడమ పక్క మార్చాల్సిన పార్టులు. వాటికెదురుగా మూడు గళ్లు: కంపెనీది, బయట మేకుది అంటే వేరేవాళ్లు అలాగే చేసి అమ్మే కొత్తది, పాతది. ఏది కావాలో కారువాళ్లే తమ చేత్తో టిక్కు పెట్టాలి.

"లేకపోతే బండి బాగయ్యాక, నేను కంపెనీది వెయ్యమన్నాను గదా అని మీద పడతారండీ," అంది. "ఈయనకి నోరు లేదు. అందుకని నేను కాగితం పెట్టా."

బంపరు: పాతది. ఎడమ హెడ్‌లైటు: పాతది. లైటు కింద జాలీ: పాతది. బానెట్: మార్చొద్దు, సొట్ట తీసి రంగు వెయ్యాలి. హెడ్‌లైటు వరస చివర ఆమె గుండ్రటి అక్షరాలతో రాసిన ముక్క ఇంకొకటి ఉంది: మసకబారిందే కావాలి, రెండోదాంతో కలిసిపోవాలి.

"ఇది మీ మాటా, ఆయన మాటా?"

"ఆయనదేనండి. బీమా ఉందా అంటే ఉందన్నాడు. మరి కొత్తది వస్తుంది గదా అన్నా. నాకొద్దన్నాడు. పోనీ బయట మేకుది, కొత్తగానే ఉంటుంది అన్నా. చెప్తే అర్థం కాదా అన్నాడు. సరే, మనకెందుకని రాసేశా."

పేరు గడి ఖాళీగా ఉంది. కారు నంబరు మీద అప్పటికప్పుడే తెలిసినవాళ్ల చేత వాకబు చేయించాను. కాగితాల్లో ఉన్న ఓనరు నెల కిందటే బ్రోకరుకి అమ్మేసి వేరే ఊరు వెళ్లిపోయాడు. కొన్నవాడి పేరు ఇంకా ఎక్కలేదు. ఫోన్ నంబరు ఉంది గాని, చివరి అంకెల మీద మేస్త్రి బొటనవేలు నల్లగా పడింది.

"పోనీలెండి, కారు వెళ్లిపోయాక ఇవన్నీ ఎందుకు," అన్నాను.

"వెళ్లిపోవడమేంటి? అదిగో," అన్నాడు మేస్త్రి.

షెడ్డు చివర, వెనక భాగం గోడకి ఆనించి, బూడిదరంగు కారు. దాని రెండు హెడ్‌లైట్లూ కడిగిన గాజు గ్లాసుల్లా మెరుస్తున్నాయి.

"ఇవి మసకబారినవా?"

మేస్త్రి తల గోక్కున్నాడు. "తప్పు నాదేనండి. సొట్ట తీశా, రంగు కలిపా, ఎక్కడ పని చేశానో నాకే తెలీనంత నున్నగా వచ్చింది. అంత పని చేసి, బండిని శుక్లాల కళ్లతో ఎలా పంపిస్తానండీ? ఉండబట్టలేక రెండు లైట్లూ పాలిష్ పట్టేశా. పైసా అడగలేదు. గురువారం వచ్చి చూసి, మొహం మాడ్చుకుని, నిన్నెవడు చెయ్యమన్నాడ్రా అని ఒకటే అరుపులు. ముప్పై ఏళ్లలో బాగా చేసినందుకు తిట్లు తినడం ఇదే మొదలు."

"రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదండీ ఈయన," అంది భార్య.

"తీసుకెళ్లిన బండి మళ్లీ ఎప్పుడొచ్చింది?"

"ఇవాళ పొద్దున. ఇంటి పక్కవాళ్లంతా కొత్త లైట్లా అని అడుగుతున్నారట. రెండూ తీసేసి, ఒకేలా మసకబారిన జత వెయ్యమన్నాడు. యార్డువాడు నాలుగింటికి పంపిస్తానన్నాడు."

ఎవరైనా అడిగితే ఏం, అని మేస్త్రికి అనిపించలేదు. అతనికి ఎంతసేపూ తన పాలిష్‌కి జరిగిన అవమానమే.

"మంగళవారం తీసిన విరిగిన ముక్కలేవి?"

"గోనెసంచిలో కట్టుకుని పట్టుకెళ్లాడు. నేల ఊడిస్తే వచ్చిన పెంకులు కూడా. మామూలుగా ఎవరూ తీసుకోరు."

"ఒక్కటీ మిగల్లేదా?"

"లేదండి." అని, రెంచీతో వీపు గోక్కుంటూ, "మిగలడమంటే, చెవి ఒకటి ఉంది," అన్నాడు.

"చెవా?"

"లైటుని బాడీకి బిగించే చెవులుంటాయండి, మూడు. యార్డులో తుక్కువాళ్లు పీకేటప్పుడు ఒకటి విరక్కొట్టారు. చెవి లేకపోతే లైటు గతుకుల్లో వణుకుతుంది. పగిలిన లైటుది ఆ పక్క చెవి, అంచు కాస్త విరిగినా, బాగానే ఉంది. దాన్ని కోసి దీనికి అతికించా. బయటికి కనపడదు గాని, బండి పోయినా ఆ అతుకు పోదు. అలా కలపడం అందరికీ రాదు."

"ఆ సంగతి ఆయనకి చెప్పారా?"

"అడగలేదుగా."

నేను కుర్చీలోంచి లేచాను. లైటు విప్పమంటే మేస్త్రి ససేమిరా అన్నాడు. కారాయన లేకుండా, ఆయన్ని అడక్కుండా పరాయివాళ్ల కోసం స్క్రూ తిప్పనన్నాడు. ఆ పట్టుదల నాకు నచ్చింది, ఆ నిమిషంలో నచ్చకూడదు గాని. చివరికి భార్య బల్ల సొరుగులోంచి తన చేతి అద్దం తీసిచ్చింది. బానెట్ ఎత్తి, లైటు వెనక సందులో అద్దం దూర్చి, టార్చి వేశాను. రెండు చెవులు దుమ్ము కొట్టుకుని బూడిదరంగులో ఉన్నాయి. మూడోది నల్లగా నిగనిగలాడుతోంది. దాని లోపలి అంచు రంపంతో కోసింది. బయటి అంచు విరిగింది విరిగినట్టే ఉంది. విరిగినచోట పోతలోనే ఉబ్బెత్తుగా అచ్చయిన అంకె ఒకటి సగంలో తెగింది. ఎనిమిదిలో కింది సున్నా.

మాత్రల డబ్బా మూత తీశాను. దూదిలో ఉన్న ముక్క మీద పై సున్నా ఉంది.

రెండూ యాభైకి ఇన్‌స్పెక్టరుకి ఫోన్ చేశాను. భోజనం చేస్తున్నానన్నాడు. కారు షెడ్డు, హెడ్‌లైటు అని చెప్పి నాలుగు లోపల రమ్మంటే, ముద్ద మింగేదాకా ఆగి, చూద్దాంలెండి అన్నాడు. మూడూ పదికి నర్సు ఫోన్ చేసింది. 

"మాస్టారండీ, ఆయన కళ్లు తెరిచారు. మాట్లాడారు కూడా."

"ఏమన్నారమ్మా?"

"మూడే మాటలండీ. దిగాడు, చూశాడు, వెళ్లాడు అన్నారు. మళ్లీ మగతలోకి పోయారు. డాక్టరుగారు ఇన్‌స్పెక్టరుగారికి అప్పుడే ఫోన్ చేసేశారు."

"నువ్వు మాత్రం ఆ గది వదలకు."

"వదిలి ఎక్కడికి పోతానండీ," అంది.

ఇన్‌స్పెక్టరు మూడూ నలభైకి వచ్చాడు. చెడ్డవాడు కాదు. ఒకసారి ఒక మాట అన్నాక దాన్ని వెనక్కి తీసుకోవడం చేతకానివాడు, అంతే. ఎదురుగా నించుని, బెల్టులో రెండు బొటనవేళ్లూ దూర్చాడు.

"ఏంటి మాస్టారు గారూ, ఇంకా ఫిజిక్స్ క్లాసేనా? నాకు అయిదింటికి కోర్టుంది."

"అందుకే నాలుగు లోపల రమ్మన్నాను."

"మీ క్లయింటు తమ్ముడు ఆరూ పదికి ఆ మలుపులో ఉన్నాడు. తనే ఒప్పుకున్నాడు. లైటు పగిలింది. ఇంకేం కావాలి?"

"రోడ్డు మీద మీకు దొరికిన పెంకులు గాజువా, ప్లాస్టిక్‌వా?"

"పెంకులు పెంకులే."

"నేలకేసి కొడితే గాజు పగులుతుంది, ప్లాస్టిక్ ఎగురుతుంది. మీ సంచీలోవి ఒక్కటి వేసి చూశారా?"

అతను వాచీ చూసుకున్నాడు. డబ్బా చూపించి సంగతి చెప్పాను. అతను నవ్వాడు.

"ఎవరిచ్చారిది? ముద్దాయి అక్క. ఎక్కడ దొరికింది? ఆవిడ చేతిలో. కోర్టులో ఇది తీస్తే జడ్జిగారు నవ్వాపుకోలేక బెంచి దిగిపోతారు. ఆవిడ ఏ షెడ్డులోనో ఏరుకొచ్చుంటుంది."

"కాదనను. అందుకే ఇది ఒక్కటే చూపించడానికి మిమ్మల్ని పిలవలేదు. దీని రెండో సగం ఆ కారులో ఉంది. నేను ముట్టుకోలేదు, మేస్త్రి విప్పలేదు. మీరే విప్పించండి, మీరే చూడండి. కలవకపోతే ఆ డ్రైవర్ని మీ జీపులో నేనే కోర్టుకి తీసుకొస్తాను."

"కలవకపోతే మీరు ఈ కేసులో మళ్లీ కనపడకూడదు."

"సరే."

పోలీసాయన చెప్పాక మేస్త్రి స్క్రూలు తిప్పాడు. లైటు బయటికి రావడానికి ఆరు నిమిషాలు పట్టింది. ఇన్‌స్పెక్టరు విప్పకముందూ విప్పాకా తన ఫోన్‌తోనే ఫోటోలు తీశాడు. ఆ మాత్రం పద్ధతి ఉన్నవాడు. బల్ల మీద తెల్ల కాగితం పరిచి దాని మీద లైటు పెట్టాడు మేస్త్రి. డబ్బా నేనివ్వబోతే ఇన్‌స్పెక్టరు నా చెయ్యి పక్కకి తోసి, దూదిలోంచి ముక్క తనే రెండు వేళ్లతో పట్టుకున్నాడు.

మొదట తిరగేసి పెట్టాడు. కలవలేదు. నా వైపు చూశాడు. మళ్లీ తిప్పి పెట్టాడు. ముక్క తన చోట్లోకి చిన్న చప్పుడుతో కూర్చుంది. రెండు సున్నాలు కలిసి ఎనిమిది అయ్యాయి.

 మేస్త్రి భార్య టేబుల్ ఫ్యాను మొహం ఇన్‌స్పెక్టరు వైపు తిప్పింది. అతను చెమట తుడుచుకోలేదు.

"మంగళవారం ఆరూ పదికి గుద్దాడు," అన్నాను. "ఏడూ పదికి ఇక్కడున్నాడు. సైకిలు మనిషిని దిగి చూశాడని మీకు ఫోన్ వచ్చే ఉంటుంది."

"వచ్చింది." గొంతు తగ్గింది. "వ్యాను డ్రైవరే దిగాడనుకున్నా." అతను నడుం నిటారు చేశాడు. "వ్యానువాణ్ణి ఇవాళ కోర్టుకి తీసుకెళ్లను. ఆ మాట ఇప్పుడే స్టేషన్‌కి చెప్తా. ఈ కారువాడు ఎవడు?"

"పేరు రాయలేదు."

"ఫోన్ నంబరైనా ఉందా? లైట్లొచ్చాయి, వచ్చి చూసుకోమని పిలవమ్మా. మామూలుగా మాట్లాడు."

ఆమె కళ్లజోడు పెట్టుకుని కాగితం వెలుతురుకి పట్టింది. అంకె అంకె చదువుతూ ఫోన్ మీద నొక్కింది. ఆరు అంకెలయ్యాక ఆగింది.

"ఇక్కడ ఈయన వేలు పడిందండీ. ఏడో ఒకటో తెలీడం లేదు. ఆ తర్వాతవి అసలే..."

"ఒకటి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఒకటి, రెండు ఆర్లు, తొమ్మిది."

ఆమె వేలు ఫోన్ మీదే ఆగిపోయింది. మేస్త్రి నన్ను చూశాడు. ఇన్‌స్పెక్టరు ఎవరినీ చూడలేదు. బల్ల అంచు పట్టుకుని నించున్నాడు.

"నొక్కకమ్మా," అన్నాడు. "అది మా బావ నంబరు. పోయిన నెల పాత కారొకటి కొన్నానన్నాడు. చూడ్డానికి రమ్మంటే నాకు తీరిక లేకపోయింది."

"ఇవాళ భోజనం ఎక్కడ చేశారు?" అన్నాను.

"అక్కావాళ్లింట్లోనే." అతను నెమ్మదిగా, తనకి తానే చెప్పుకుంటున్నట్టు మాట్లాడాడు. "మీరు ఫోన్ చేసినప్పుడు పక్కనే కూర్చున్నాడు. డాక్టరు ఫోన్ చేసినప్పుడూ అక్కడే ఉన్నాడు. దిగాడు, చూశాడు అని నేనే పైకి అన్నా. పాపం, బతికాడా అన్నాడు బావ. వెళ్లి పలకరించొస్తానన్నాడు. గది ముందున్న కానిస్టేబుల్ పంపించడేమో అంటే..."

"అంటే?"

"నేనే ఫోన్ చేసి చెప్పా. మా బావ వస్తాడు, పంపించమని. నువ్వెళ్లి టీ తాగి రమ్మని కూడా అన్నా."

అప్పటికే నేను నర్సు నంబరు నొక్కాను. గోడ గడియారంలో నాలుగూ రెండు. నాలుగు రింగులయ్యాక ఎత్తింది. నేను మాట్లాడేలోపే ఆమె అంది.

"మాస్టారండీ, మీకే చేద్దామనుకుంటున్నా. ఇన్‌స్పెక్టరుగారి బావగారట, వచ్చారు. కొత్త సెలైన్ తెమ్మన్నారు. డాక్టరుగారు చెప్పారట. నేను గడప దాటానో లేదో తలుపేసుకున్నారు. కొడుతున్నా, తియ్యడం లేదు."

ఇన్‌స్పెక్టరు నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. రెండో చేత్తో జీపు డ్రైవరుకి సైగ చేస్తూ బయటికి పరుగెత్తాడు. నేనూ వెనకే పరుగెత్తాను.

"నేనమ్మా, ఇన్‌స్పెక్టర్ని," అంటున్నాడు. "తలుపు పగలగొట్టు. ఎవరడ్డమొచ్చినా సరే, నా పేరు చెప్పి పగలగొట్టించు. లోపలున్నవాడు మావాడు కాదు. విన్నావా తల్లీ? మావాడు కాదు."

అవతల ఫోన్‌లో ఏదో గాజుది పగిలిన చప్పుడు, పక్కనున్న నాక్కూడా వినపడేంతగా. తర్వాత నర్సు కేక. అది భయంతో వేసిన కేకో, ఎవరినో సాయానికి పిలిచిన కేకో తెలుసుకునేలోపు లైను తెగిపోయింది.